పక్క సీటు

తాత ముప్ఫై నాలుగేళ్లు బండి నడిపాడు గానీ ఒక్కసారి కూడా పక్క సీట్లో కూర్చోలేదు. గొప్పకి చెప్పుకునే సంగతి కాదిది. అతనికి పని నేర్పిన ముసలి డ్రైవరు మొదటి రోజే చెవి మెలిపెట్టి చెప్పాడట: "ఒరేయ్, చక్రం వెనక సీటు నీ అన్నం. పక్క సీటు యజమాని దర్జా. అన్నం తినేవాడు దర్జా జోలికి పోకూడదు." చెవి మెలిపెట్టి చెప్పిన మాట కదా, బాగా లోపలికి దిగింది. బండి కడిగేటప్పుడు కూడా తాత పక్క సీటుని బయట నిలబడి, నడుం వంచి, చెయ్యి చాపి తుడిచేవాడు. మోకాలైనా ఆనించేవాడు కాదు.

అతను నడిపింది పెద్దాయన బండ్లు. పెద్దాయనకి గాజు సీసాల ఫ్యాక్టరీ ఉంది, ఫ్యాక్టరీ అంత ఇల్లుంది, ఒక కాలు మాత్రం స్వాధీనంలో లేదు. కాలు సాయం లేనివాడికి వేగం పిచ్చి ఎందుకు పెట్టాడో ఆ పెట్టినవాడికే తెలియాలి. రెండు స్పోర్ట్స్ కార్లు తెచ్చి షెడ్డులో నిలబెట్టాడు. తాత తొక్కాలి, ఆయన పక్కన కూర్చుని "ఇంకా తొక్కవోయ్, ఏం, అన్నం తినలేదా?" అనాలి. అదీ వాళ్ల స్నేహం. పైకి మాత్రం యజమాని, డ్రైవరు.

రెండింట్లో ఒకటి నల్లది. మూతి బారెడు పొడుగు. దాన్ని తాత మొసలి అనేవాడు. రెండోది ఎర్రది, నేలని కరుచుకుని ఉంటుంది, ఇంజను సీట్ల వెనకాల. అది మిరపకాయ.

పెద్దాయన పోయిన రెండు వారాలకి ఆయన కూతురు తాతని పిలిచి ఒక కాగితం చదివింది. "రెండు బండ్లలో ఒకటి మా డ్రైవరుకి. ఏదన్నది అతనే ఎంచుకోవాలి. షెడ్డులో పెట్టి తుడుచుకోవడానికి కాదు, రోజూ నడుపుకోవడానికి." చదివి, కళ్లజోడు తీసి, "శనివారం లోపు చెప్పు. రెండోదాన్ని వేరే ఊరాయన తీసుకెళ్తాడు," అంది.

తాత ఆ మాట ఇంటికి మోసుకొచ్చేసరికి ఇంట్లో నవ్వులే నవ్వులు. రెండు గదుల ఇల్లు, ముందు సిమెంటు మెట్టు, ఆ మెట్టు ముందుకి స్పోర్ట్స్ కారు. తాత కూతురు, అంటే మా అమ్మ, మందుల గోడౌనులో పెట్టెలు కట్టే పని చేస్తుంది. ఆవిడకి నవ్వు ఆగగానే బుర్ర పనిచేసింది.

"అమ్మేసి ఓ మామూలు బండి కొనుక్కో నాన్నా. నాలుగు తలుపులున్నది."

"రోజూ నడుపుకోమని రాశాడు. అమ్ముకోమని రాయలేదు."

"రాసినాయన వచ్చి చూస్తాడా?"

"రాలేడనే కదా ఇంకా ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి," అన్నాడు తాత. అతనితో వాదించడం గోడకి తల కొట్టుకోవడమే, గోడకేం కాదు.

మంచం మీంచి అమ్మమ్మ అంది: "రెండూ వద్దులే. నాలుగు చక్రాల మంచం ఏదైనా ఉంటే అడుగు."

ఆవిడ హాస్యానికే అన్నా, అసలు సంగతి అదే. అమ్మమ్మకి రెండు మూత్రపిండాలూ చేతులెత్తేసి రెండేళ్లు. వారానికి మూడు రోజులు డయాలిసిస్, ప్రతిసారీ నాలుగు గంటలు. వెళ్లడానికి రెండు బస్సులు, రావడానికి రెండు బస్సులు. వెళ్లేటప్పుడు ఫరవాలేదు, వచ్చేటప్పుడు మనిషి పిండేసిన గుడ్డలా ఉంటుంది. అంతకు ముందు నెల బస్టాపులో నిలబడి నిలబడి కూలిపోయింది. జనం చుట్టూ మూగి నీళ్లు తాగించబోతే, తాత "నీళ్లొద్దు, నీళ్లొద్దు, డాక్టరు కొలత పెట్టాడు" అని అరుస్తూ అందర్నీ తోశాడు. పెళ్లానికి నీళ్లు పోయనివ్వని దుర్మార్గుడని ఒకావిడ శాపనార్థాలు పెట్టింది. ఆ రోజు నించి తాతకి నిద్రలో కూడా ఒకటే ఆలోచన, ఈవిణ్ణి కూర్చోబెట్టి తీసుకెళ్లి కూర్చోబెట్టి తీసుకురావాలి. కాబట్టి రెండు బండ్లలో ఏదన్నది అతనికి షోకు కాదు. ఏది అమ్మమ్మని కడుపులో చల్ల కదలకుండా మోస్తుందన్నదే ప్రశ్న.

ఇంకోటి చెప్పాలి. అమ్మమ్మ ఎడమ చేతికి, మణికట్టు పైన, డాక్టర్లు లోపల రెండు రక్తనాళాలు కలిపి కుట్టారు. ఫిస్టులా అంటారు. డయాలిసిస్ సూదులు అక్కడే గుచ్చుతారు. ఆ చోట వేలు పెడితే గుర్రుమంటూ ఉంటుంది. గుర్రుమన్నంతకాలం పనిచేస్తున్నట్టు. ఆ చేత్తో బరువెత్తకూడదు, గాజు బిగుతుగా ఉండకూడదు, దాని మీద ఒరిగి పడుకోకూడదు. తాత రోజూ పొద్దున్నే అక్కడ రెండు వేళ్లు ఆనించి కళ్లు మూసుకునేవాడు. ఇంజను మీద చెయ్యి పెట్టి జబ్బు చెప్పే మనిషి కదా, చెవులకంటే వేళ్లే బాగా వింటాయి.

"ఐడిలింగు బాగుంది," అనేవాడు.

"ఆయిలు మార్చక్కర్లేదా?" అనేది అమ్మమ్మ.

ఆ వారం అంతా తాత రెండు బండ్లూ మార్చి మార్చి నడిపాడు. ఎక్కడెక్కడికో కాదు, ఇంటి నించి ఆస్పత్రికి, ఆస్పత్రి నించి ఇంటికి. దారిలో స్పీడ్ బ్రేకర్లు ఇరవై మూడు. ఒక్కోదాని ఎత్తు ఇటుకముక్కతో కొలిచాడు. ఆస్పత్రి ముందు ఏటవాలు ఎంతుందో, బండి మూతి తగులుతుందో లేదో బోర్లా పడుకుని చూశాడు. వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి "ఏమైంది తాతా, పడిపోయావా?" అంటే, "కాదు, ఉండు, కొలుస్తున్నా," అన్నాడు.

అమ్మమ్మని ఎక్కించుకుని చూడొచ్చు కదా అని అమ్మ అడిగింది. ఒక రోజు డయాలిసిస్, ఒక రోజు దాని అలసట, మనిషిని చెరుకు బండిలా తిప్పడం తాతకి మనసొప్పలేదు. దానికి బదులు అతని బుర్రలో ఇంకో ఉపాయం పుట్టింది. డయాలిసిస్ అయ్యాక అమ్మమ్మ బరువు నలభై ఒక్క కిలో. సిమెంటు దుకాణానికి వెళ్లి సరిగ్గా నలభై ఒక్క కిలో ఇసుక తూయించి, గోనెసంచిలో పోసి, మూతి కుట్టించి, పక్క సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టాడు. రెండు రోజులు ఆ మూటతో తిరిగాడు. మలుపుల దగ్గర దాన్ని ఓరకంట చూసుకుంటూ.

పక్కింటి పిల్ల తలుపు దగ్గర నిలబడి, "మామయ్యా, ఎవరో బొద్దుగా ఉన్నావిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని తిరుగుతున్నావట. అత్తకి తెలుసా?" అంది.

"తెలుసు. దానికంటే ఇదే నయం, మాట్లాడదు," అన్నాడు తాత.

లోపల్నించి అమ్మమ్మ: "వినబడుతోంది!"

మొసలి మీద తాత పెట్టిన నేరాలు ఇవి. క్లచ్చి తొక్కితే తొడ లాగేస్తుంది. రద్దీలో పావుగంట ఆగితే ఇంజను వేడెక్కి మూలుగుతుంది. మూతి పొడుగు కాబట్టి కూడలి దగ్గర అడ్డం వచ్చేవాడు వాడు పడ్డాక గానీ కనబడడు. అన్నిటికంటే ముఖ్యం, దాని పక్క సీటు వెడల్పు, బల్లపరుపు. మలుపు తిరిగితే మూట అటు జారింది, ఇటు జారింది, ఒకసారి తలుపు మీద వాలిపోయింది. "ఇంకేముంది, మా ఆవిడైతే పడిపోయేది," అనుకున్నాడు.

మిరపకాయ అలా కాదు. క్లచ్చి వెన్న. రద్దీలో ఎంతసేపు నిలబెట్టినా చల్లగా ఉంటుంది. కిందకి దిగి కూర్చోవాలన్న మాట నిజమే, దానికి చెక్కతో ఒక పీట చేసి, లోపల పట్టుకోవడానికి తాడు కట్టాడు. ఇక సీటంటారా, గిన్నెలా లోతుగా, రెండు పక్కలా గట్టి అంచులతో, తలుపుకి ఆనుకుని ఉంది. ఇరవై మూడు స్పీడ్ బ్రేకర్ల మీదా, అన్ని మలుపుల్లోనూ, ఇసుక మూట ఇసుమంత కదల్లేదు.

"ఒళ్లో పెట్టుకున్నట్టు పట్టుకుంది," అని శుక్రవారం సాయంత్రం ఇంటికొచ్చి చెప్పాడు. మొహం వెలిగిపోతోంది. "ఎర్రదే."

శనివారం మొసలి ఊరు దాటి వెళ్లిపోయింది.

మొదటి రోజు అమ్మమ్మ మెట్టు మీద నిలబడి ఆ బండిని కాసేపు చూసింది. "ఇదేమిటయ్యా, చెప్పుల పెట్టెలా ఉంది. ఇందులోకి ఎక్కాలా, దిగాలా?"

"దిగాలి. నెమ్మదిగా, ముందు కుడి కాలు."

"నూతిలోకి దింపుతున్నావేమో చూసుకో."

దిగింది, కూర్చుంది. రెండు బస్సుల్లో ఎనభై నిమిషాలు పట్టే ప్రయాణం ఇరవై అయిదు నిమిషాలైంది. ఆస్పత్రి గేటు దగ్గర వాచ్‌మన్ ఎవరో డాక్టరనుకుని సలాం కొట్టాడు. అమ్మమ్మ కూడా తల ఊపి సలాం తీసుకుంది. డయాలిసిస్ గదిలో సిస్టరు, "ఏమ్మా, రేసు కార్లో వచ్చావట?" అంటే, "అవునమ్మా, మూడో బహుమతి వచ్చింది," అంది. ఆ వారం ఆ గదిలో పడుకున్న పన్నెండు మందికీ అదే కబురు, అదే కాలక్షేపం.

నాలుగు నెలలు అలా నడిచింది. తాత అన్నేళ్లలో అంత సంతోషంగా బండి నడిపింది లేదు. యజమాని లేడు, "ఇంకా తొక్కు" అనేవాడు లేడు, చేతిలో ఎర్ర బండి, పక్కన పెళ్లాం. వచ్చేటప్పుడు ఆవిడ కూర్చున్న అయిదు నిమిషాలకే సోలిపోయి నిద్రపోయేది. తాత ఓరకంట చూసేవాడు. అటూ ఇటూ ఊగకుండా బొమ్మలా కూర్చుని నిద్రపోతోంది. తన ఎంపిక మీద తనకే ముచ్చట వేసేది.

రెండో నెలలో అమ్మమ్మ ఒక తువ్వాలు తెచ్చుకోవడం మొదలుపెట్టింది. నాలుగు మడతలు పెట్టి తలుపుకీ చేతికీ మధ్య దోపుకునేది.

"రక్తం చుక్క సీటుకి అంటుతుందనా? మంచి పని చేశావు, తోలు పాడవుతుంది," అని మెచ్చుకున్నాడు తాత.

అమ్మమ్మ "ఊఁ" అంది.

అమ్మమ్మ నోట్లో నువ్వుగింజ నానదని వీధి మొత్తానికీ తెలుసు. ఒకరి ఇంటి గొడవ ఇంకొకరి ఇంటికి చేరే లోపు అది ఆవిడ నోట్లోంచే వెళ్తుంది. అలాంటి మనిషి ఈ ఒక్క మాటా నాలుగు నెలలు నానబెట్టింది.

ఎండలు ముదిరిన ఒక బుధవారం పొద్దున తాత రెండు వేళ్లు ఆనించి కళ్లు మూసుకున్నాడు. మూసుకునే ఉన్నాడు. వేళ్లు కొంచెం పైకి జరిపాడు, కిందకి జరిపాడు.

"ఏం, ఆయిలు మార్చాలా?" అంది అమ్మమ్మ.

తాత ఆవిడ చెయ్యి తన చెవి దగ్గర పెట్టుకున్నాడు. అప్పుడు అమ్మమ్మ కూడా నవ్వడం మానేసింది.

ఆ రోజు ఇరవై అయిదు నిమిషాల దారి పదిహేను నిమిషాలైంది. డాక్టరు చెయ్యి నొక్కి, యంత్రం పెట్టి చూసి, లోపల రక్తం గడ్డకట్టి మూసుకుపోయిందన్నాడు. లోపలికి తీసుకెళ్లి రెండు గంటలు ప్రయత్నించారు. తెరుచుకోలేదు. కుడి చేతి నాళాలు దారప్పోగుల్లా ఉన్నాయి, వాటితో కుదరదన్నారు. ఇక డయాలిసిస్‌కి మెడ దగ్గర గొట్టం పెట్టారు.

మర్నాడు కట్టు మార్చడానికి వచ్చిన సిస్టరు అమ్మమ్మ ఎడమ చేతిని వెలుగులోకి తిప్పింది. "ఇక్కడేమైనా ఒత్తిడి పడిందా అమ్మా? దీని మీద పడుకున్నావా? సంచీ గానీ తగిలించుకున్నావా?"

"లేదమ్మా. నిద్రలో ఎప్పుడైనా ఒరిగానేమో. ముసలి నిద్ర," అంది అమ్మమ్మ.

సిస్టరు తిప్పిన వైపు, ముంజేతి మీద, నీలంగా ఒక చార ఉంది. పాతబడి పసుపు తిరిగిన నీలం, దాని మీద కొత్త నీలం. బెత్తెడు పొడుగు, ఒక కొస సన్నం. రెండు చివర్లా రెండు గుండ్రటి మచ్చలు, మినపగింజలంత. తాత మంచం అవతల నిలబడి దాన్ని చూశాడు. ఆ ఆకారం అతనికి కొత్త కాదు. మిరపకాయ తలుపుకి లోపలి వైపున్న పిడి అది. ఆ గుండ్రటి మచ్చలు దాని మరలు. వారానికి రెండుసార్లు బయట నిలబడి, నడుం వంచి, చెయ్యి చాపి దాన్ని మెరిసేట్టు తుడిచింది అతనే.

కిందకి దిగాడు. బండి దగ్గరికి వెళ్లి, డ్రైవరు వైపు తలుపు తాళం తీశాడు. మళ్లీ వేశాడు. చుట్టూ తిరిగి ఇటు వైపొచ్చి, పక్క సీట్లోకి దిగాడు.

గిన్నెలాంటి ఆ సీటు అతన్ని నడుం దగ్గర పట్టేసింది. భుజం తలుపుకి అంటుకుంది. ఎడమ చెయ్యి ఎక్కడ పెట్టాలో చూశాడు. ఒళ్లో పెట్టుకున్నాడు, మెలకువగా ఉన్నవాడికి బాగానే ఉంది. కళ్లు మూసి ఒళ్లు వదిలేశాడు. చెయ్యి దానంతటదే జారి, సీటు అంచుకీ తలుపుకీ మధ్య సందులో పడింది. పిడి వచ్చి సరిగ్గా ముంజేతికి ఆనింది. బయటికి లాక్కోవాలంటే మెలకువ రావాలి. ఇరవై మూడు స్పీడ్ బ్రేకర్లు. వారానికి మూడుసార్లు.

ఇసుక మూట కదలకుండా కూర్చుంది, నిజమే. మూటకి చేతులుండవు కదా.

ఎంతసేపు కూర్చున్నాడో తెలియదు. పైకి వచ్చేసరికి అమ్మమ్మ గోడ వైపు చూస్తోంది. మెడ కట్టు వల్ల తల తిప్పలేకపోతోంది.

"ఎందుకు చెప్పలేదే?" అన్నాడు.

"ఏం చెప్పను?"

"నొప్పని."

"నొప్పి లేనిదెక్కడ? ఒళ్లంతా నొప్పే, అందులో ఇదొకటి. ఇంత పని చేస్తుందని నాకేం తెలుసు?" మెడ కట్టు సర్దుకుని, "చెప్తే నువ్వేం చేసేవాడివో నాకు తెలుసు. బండి షెడ్డులో పెట్టేసేవాడివి. మళ్లీ రెండు బస్సులు. నా వల్ల కాదనే నోరు మూసుకున్నా," అంది.

తాత పెద్దాయన కూతురికి ఫోను చేశాడు. మొసలి ఎక్కడుందో, తీసుకెళ్లినాయన మార్చుకుంటాడేమో కనుక్కోమన్నాడు. ఆవిడ పాపం కనుక్కుంది కూడా. "ఆయన దాన్ని అప్పుడే ఇంకెవరికో ఇచ్చేశాడట," అంది. "ఏం, ఎర్రది ఇబ్బంది పెడుతోందా?"

"లేదమ్మా. బండి మంచిదే," అన్నాడు తాత.

ఆ సాయంత్రం తలుపు లోపలి అట్ట మొత్తం ఊడదీశాడు. పిడి తీసేశాడు, మరలు తీసేశాడు, సీటు అంచు బ్లేడుతో కోసి లోపలి గట్టి నురగ పీకేశాడు. ఎర్ర బండి లోపల వైర్లు, ఇనప రేకు బయటపడి, తోలు వలిచినట్టు తయారైంది. అమ్మ డ్యూటీ నించి వచ్చి చూసి, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అనబోయి, తండ్రి మొహం చూసి మానేసింది. అంతా అయ్యాక తాత దాని మీద టార్పాలిను కప్పి నాలుగు మూలలా తాడు కట్టాడు. ఇక దాన్ని తియ్యనన్నాడు.

మళ్లీ బస్సులు మొదలయ్యాయి. రెండు వారాలు అలాగే తిరిగారు. మెడలో గొట్టం ఉన్న మనిషిని జనం మధ్యలో నిలబెట్టి, తాత చుట్టూ రెండు చేతులూ దడిలా పెట్టేవాడు. ఎవరి మోచెయ్యి తగిలినా ఉలిక్కిపడేవాడు. దుమ్ము పడకూడదు, చెమట తగలకూడదు, తడవకూడదు, గొట్టం దగ్గర చీము పడితే ప్రాణం మీదకి వస్తుందని డాక్టరు మరీ మరీ చెప్పాడు. ఇదెన్నాళ్లు పనిచేస్తుందని తాత అడిగితే, "జాగ్రత్తగా ఉంటే కొన్ని నెలలు," అన్నాడు. ఆ తర్వాత సంగతి అడగడానికి తాతకి నోరు రాలేదు, చెప్పడానికి డాక్టరుకీ రాలేదు.

మూడో వారం మొదటి వాన పడింది. బస్టాపు రేకు కింద ఇరవై మంది. రెండో బస్సు రాలేదు. అమ్మమ్మ కాళ్లు వణుకుతున్నాయి. తాత తన చొక్కా విప్పి ఆవిడ మెడ చుట్టూ కప్పుతుంటే, చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏమయ్యా, ఒక మాట అడుగుతాను. బస్సెక్కితే నా చెయ్యి బాగవుతుందా?"

"కాదు."

"మరి ఈ శిక్ష ఎవరికి?"

తాత వాన వైపు చూశాడు.

"తప్పు చేశానని నువ్వు ఏడవాలనుకుంటే ఏడు. ఒద్దనను. కానీ నీ బాధ నా కాళ్లతో మోయించకు," అంది అమ్మమ్మ. అరవలేదు. పక్కన నిలబడ్డవాళ్లకి వినబడేంత మామూలుగా అంది. "రేపట్నించి బండి తియ్యి."

మర్నాడు తాత టార్పాలిను విప్పాడు. పీట వేశాడు. తోలు వలిచిన తలుపు వైపు మెత్తటి దుప్పటి కుట్టి పెట్టాడు. ఆ మర్నాడు అమ్మమ్మ ఒక చేత్తో మెడ పట్టుకుని, ముందు కుడి కాలు పెట్టి, దిగి కూర్చుంది. గుర్రుమనడం మానేసిన ఆ చేతిని ఒళ్లో పెట్టుకుంది. అది ఇప్పుడు దేని మీద ఒరిగినా ఒకటే.

తాత నడిపిన నడకకి వెనకాల లారీవాళ్లు కూడా హారన్లు కొట్టారు. ఒకడు పక్కకొచ్చి, అద్దం దించి, "ముసలోడా, ఇది స్పోర్ట్స్ కారా, ఎద్దుల బండా?" అని అరిచాడు. తాతకి వినబడలేదు. అమ్మమ్మకి వినబడింది. "ఎద్దు ఒకటే ఉంది బాబూ," అని వాడికి జవాబిచ్చి, సోలిపోయింది.

ఆ వానలన్నాళ్లూ వారానికి మూడుసార్లు అలాగే వెళ్లొచ్చారు. రెండుసార్లు చలిజ్వరం వచ్చింది, రెండుసార్లు తగ్గింది. మూడోసారి వచ్చింది గానీ తగ్గలేదు. వానలు వెలిసేసరికి ఇక వెళ్లాల్సిన పని లేకపోయింది.